గాలిమెట్ట చీమకు పేరు

“పోయేదానికి పేరెందుకు మాస్టారూ?” అని నీలవేణి అడిగినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. అడిగినట్టు లేదు, దెబ్బలాటకి పిలిచినట్టు ఉంది. విశ్వంభరం మాస్టారు జవాబు చెప్పలేదు. ఆయన ఎప్పుడూ చెప్పరు. పక్కగదిలో మొక్కల పాఠాలు చెప్పుకుంటూ తల నెరిసినదాన్ని, శిష్యులు అడిగినదానికి ఆయన సూటిగా అవుననో కాదనో అనడం ఏనాడూ వినలేదు. ఏమడిగినా భూతద్దం చేతిలో పెట్టి “చూడు” అంటారు. చూసి చెబితే “ఇంకోసారి చూడు” అంటారు. ఆ పద్ధతి అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. దేవుడు మనిషికి నోరిచ్చింది ఎందుకు మరి?

కానీ ఆ ప్రశ్న దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మాస్టారు చీమల మనిషి. మన్యం అంచున ఉన్న మా కాలేజీలో ఆయన గదిని అందరూ చీమలగది అనే అంటారు. గోడ పొడవునా చెక్క సొరుగులు. సొరుగుల నిండా వరసగా సూదులు. ప్రతి సూదికీ గోరంత కాగితపు త్రికోణం, దాని కొసన జిగురుతో అంటించిన చీమ. ఒకే పుట్టలోవైతే రెండు మూడింటిని ఒకే సూదికి, ఒకదాని కింద ఒకటి గుచ్చడం వాళ్ళ ఆచారం. నా కంటికి అన్నీ ఒకటే నల్లచీమ. ఆయన మాత్రం ఇది వేరు, అది వేరు అంటారు. దీని వీపు గరుకు, దాని వీపు నునుపు, దీని నడుం మీద వెంట్రుకలు నిలబడతాయి, దానికి పడుకుంటాయి. మా ఇంట్లో పంచదార డబ్బాకి పట్టేవాటికి కూడా ఇన్ని గోత్రాలున్నాయా అని నేను వేళాకోళం చేస్తే, “మీ గడ్డిమొక్కలకి లేవా మేడమ్?” అని నెమ్మదిగా అనేవారు.

నీలవేణి ఆయన ఆఖరి శిష్యురాలు. శ్రీకాకుళం వైపు పిల్ల, బొడ్డేపల్లి వారమ్మాయి. మాట కటువు, మనసు వెన్న. మన్యంలో గాలిమెట్ట అని ఒక ఎత్తైన మెట్ట ఉంది, పైన ఎండాకాలంలో కూడా మంచు పడుతుంది. అక్కడ పుచ్చిన దుంగల్లో కాపురముండే ఒక నల్లచీమ మీద ఆమె పరిశోధన. కింద ఊళ్ళలో తిరిగే చీమా అదీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. తేడా అంతా నడుం దగ్గరే. చీమకి నడుం మీద ఒక చిన్న బొడిపె ఉంటుంది. కిందిదానికి ఆ బొడిపె నున్నగా గుండ్రంగా ఉంటుంది, మెట్టమీదిదానికి దాని మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. భూతద్దం కింద పెట్టినా ఊపిరి బిగపట్టి చూస్తేనే కనిపిస్తుంది. గురుశిష్యులిద్దరూ తమలో తాము ఒకదాన్ని కొండచీమ, ఇంకోదాన్ని పల్లపుచీమ అనుకునేవారు. కొండచీమ నిజంగా వేరే జాతి అయితే, లోకంలో ఇంకెక్కడా లేనిది, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనిది. కాదూ, పల్లపుచీమలోనే కొన్నిటికి అలా గాడి పడుతుందంటే, పేరు అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తేల్చడానికి ఆ పిల్ల జలగలకి రక్తం పోస్తూ ఏళ్ళ తరబడి ఆ మెట్ట ఎక్కింది, దిగింది.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒకసారి దిగి వచ్చి, బురద కాళ్ళతోనే చీమలగదిలో కూలబడింది.

“తేలిపోయింది మాస్టారూ. రెండూ ఒకటే. ఒకే దుంగ, ఒకే పుట్ట. గాడి ఉన్నవీ లేనివీ కలిసి తిరుగుతున్నాయి. ఒకదాని నోట్లోది ఇంకోటి తింటోంది. ఇంక వేరెలా అవుతాయి?”

ఒకే పుట్టలో ఉన్నవి ఒకే జాతి. ఆ శాస్త్రంలో అడుగు పెట్టిన మొదటి రోజు నేర్పే మాట అది. అందుకే ఒకే సూదికి గుచ్చుతారు. నీలవేణి కూడా అలాగే మూడింటిని ఒక సూదికి ఎక్కించి తెచ్చింది. మెట్టమీద వానలో తన జిగురు అయిపోతే, కింద సంతలో చెప్పులు అంటించే జిగురు కొని వాడిందట. ఇంతకాలం స్పిరిట్ సీసాల్లో దాచిన కొండచీమల్ని, ఈ పుట్టలోవాటిని, ఒకే జాతి అయ్యాక విడివిడిగా దాచడం దేనికని అన్నీ ఒక్క సీసాలో పోసి, నూరి పరీక్ష చెయ్యమని పట్నం పంపేసింది. అక్కణ్ణుంచి కొన్నాళ్ళకి “నమూనా కలగాపులగంగా ఉంది, ఏమీ తేల్చలేం” అని కబురొచ్చింది. పనివాళ్ళ అజాగ్రత్త అని వాళ్ళని తిట్టుకుంది.

మాస్టారు ఆ సూదిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశారు. “జిగురు నడుం దాకా పాకిందమ్మా” అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “పుట్ట ఒకటే, సరే. తల్లిని చూశావా?” అన్నారు.

ఆ పిల్ల మొహం అప్పుడు చూడాలి. దుంగ లోపలికంటా తవ్వలేదట. రాణిచీమని చూడనేలేదు.

మళ్ళీ ఎక్కింది మెట్ట. ఆ దుంగని నిలువునా చీల్చి పుట్ట మొత్తం తెచ్చింది. ప్లాస్టర్ పోసి చేసిన పెట్టెలో దాన్ని పెట్టి, పైన ఎర్ర గాజుపలక మూసింది. ఎరుపు రంగు చీమల కంటికి ఆనదట, వాటికి చీకట్లో ఉన్నట్టే ఉంటుందట. మనం మాత్రం వాటి సంసారమంతా చూడొచ్చు. పరాయివాళ్ళ ఇంట్లోకి తొంగిచూడటం పాపమని నేనంటే నవ్వింది కానీ, టీ వేళకి నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని.

రాణి నడుం మీద గాడి లేదు. అది పల్లపుచీమ. చుట్టూ చేరి దానికి మేత పెడుతున్న ముసలి పనిచీమల్లో చాలావాటికి గాడి ఉంది. అవి కొండచీమలు. గూళ్ళు చీల్చుకుని కొత్తగా బయటికొస్తున్న పాలిపోయిన పిల్లచీమలు ఒక్కొక్కదాన్నీ నీలవేణి చూసింది. ఒక్కదానికీ గాడి లేదు.

నాకు అర్థమయ్యేలా తనే విడమరిచి చెప్పింది. పల్లపు రాణి ఒంటరిగా వస్తుంది. కొండచీమల పుట్ట గుమ్మంలో నక్కి, దొరికిన ఒక పనిచీమని పట్టుకుని దాని వాసన ఒంటికి రుద్దుకుంటుంది. ఆ వాసనతో లోపలికి పోతే ఎవరూ అడ్డుకోరు. పోయి, ఆ ఇంటి తల్లిని పీక నొక్కి చంపి, ఆమె చోట కూర్చుని గుడ్లు పెడుతుంది. పనిచీమలకి తెలియదు. తల్లి వాసనే కదా అనుకుని ఆ గుడ్లని నాకి, మోసి, సాకి పెద్దచేస్తాయి. వాటికి ఇంక చెల్లెళ్ళు పుట్టరు. ఉన్నవి ఒక్కొక్కటే రాలిపోతాయి. కొన్నాళ్ళకి పుట్ట అదే, దుంగ అదే, లోపలున్నవాళ్ళు మాత్రం వేరు. చీమలు కట్టిన పుట్ట పాములపాలని సామెత చెబుతాం. పామైతే కనీసం పాములాగే వస్తుంది కదా అన్నాను.

నీలవేణి మాత్రం గాల్లో తేలిపోయింది. “వేరు మేడమ్. అవి వేరే జాతి. కలిసి ఉన్నాయని ఒకటి చేశాను, ఎంత తెలివితక్కువదాన్ని” అని తనని తనే తిట్టుకుంటూ మాడుగుల హల్వా తెచ్చి కాలేజీ అంతా పంచింది. పేరు కూడా ఆలోచించుకుంది. ఆ మెట్ట పేరే చీమకి పెడుతుందట. మెట్టెక్కి బతికున్న కొండచీమల పుట్టని, తల్లితో సహా, తెచ్చుకుంటే చాలు, పని అయిపోయినట్టే.

ఇల్లలకగానే పండగ కాదు. ఆమె సంచీ సర్దుకుంటుంటే మాస్టారు పెట్టె దగ్గర నిలబడి అన్నారు, “వెళ్ళేముందు వీటిలో రెండు తీసి స్పిరిట్లో వేసుకోకూడదూ?”

ఆయన నోట సలహా లాంటిది రావడమే అరుదు. ఆ పిల్ల గమనించలేదు.

“ముసలివి మాస్టారూ, వాటంతట అవే పోతాయి. పాపం, ఎందుకు చంపడం? మెట్టమీద కావలసినన్ని ఉంటాయి” అంది.

మెట్టమీద లేవు. వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. ముందు కింది వాలు, తర్వాత మధ్య వాలు, ఆ తర్వాత మంచు తెగని నెత్తి. తను ఇదివరకు కొండచీమలు చూసిన ప్రతి దుంగనీ వెతుక్కుంటూ పోయి చీల్చింది. ప్రతిదాంట్లోనూ చీమలున్నాయి, బాగా కళకళలాడుతూ ఉన్నాయి, అన్నీ పల్లపువే. కొన్నేళ్ళ కిందట కాఫీ మొక్కలు వెయ్యడానికి కింద నర్సరీ నుంచి మట్టి సంచుల్లో నారు తెచ్చి పైదాకా నాటారట. ఆ మట్టిలో పల్లపు రాణులు ఎక్కొచ్చుంటాయని మాస్టారి ఊహ. మొక్క నాటినవాడు నాలుగు డబ్బులు చూద్దామని నాటాడు. ఆ రాణులు బతుకుదామని బతికాయి. ఎవర్ని తిట్టాలి? తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే ఆ దుఃఖం ఇంకా పాడు, మింగుడుపడదు.

నీలవేణి తిరిగొచ్చి గడపలోనే నిలబడిపోయింది. “లేవు మాస్టారూ. వేరని మనకి తెలిసేసరికే అవి లేవు” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

పెట్టెలో అప్పటికి గాడి ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అవి కూడా, పూర్తి ఒళ్ళు దొరక్కుండానే, ఒకదాని వెనక ఒకటి పోయి, చివరికి ఒక్కటి మిగిలింది.

వాళ్ళ శాస్త్రంలో పేరు పెట్టాలంటే ఒక ఒళ్ళు కావాలి. ఒకే ఒక్క ఒంటిని సూదికి ఎక్కించి, ఎర్ర చీటీ తగిలించి, ఈ పేరు దీనిది అని చెప్పి దాచిపెడతారు. తర్వాత లోకంలో ఎవరికి అనుమానం వచ్చినా ఆ ఒంటి దగ్గరికే వచ్చి పోల్చుకోవాలి. ఫోటోలున్నాయి కదా అన్నాను. ఫోటో చాలదన్నారు మాస్టారు. సూదికి ఎక్కించినవున్నాయి కదా అన్నాను. చెప్పుల జిగురు కరిగించడానికి నీలవేణి అన్ని మందులూ వాడింది. చివరికి ముల్లుతో గీకబోతే సరిగ్గా ఆ బొడిపె దగ్గరే పుటుక్కున విరిగింది. స్పిరిట్లోవి ఎప్పుడో పిండి అయిపోయాయి. ఇంక ఉన్నది పెట్టెలో తిరుగుతున్న ఆ ఒక్కటే. మనం పిల్లకి పేరు పెట్టాలంటే పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి చేత రాయిస్తాం. వీళ్ళు పేరు పెట్టాలంటే ముందు దాన్ని చంపాలి.

ఇదిగో, అప్పుడు అడిగింది ఆ ప్రశ్న.

“పోయేదానికి పేరెందుకు మాస్టారూ? పుట్టేది లేదు, పెరిగేది లేదు. ఉన్న ఒక్కదాన్నీ నా చేత్తో చంపి, ఆ పేరు పెట్టి ఇంక ఎవర్ని పిలుస్తాం?”

మాస్టారు లేచారు. బీరువాలోంచి చిటికెన వేలంత సీసా తీసి, స్పిరిట్ పోసి, మూత తీసి పెట్టె పక్కన పెట్టారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మూత పెట్టేశారు. మర్నాడు పొద్దున మళ్ళీ మూత తీసి అక్కడే పెట్టారు. అలా రోజూ. నీలవేణి ఆ సీసా వైపు చూసేది కాదు. చీమల్ని ఎత్తే సన్నటి శ్రావణాన్ని పట్టుకుని పెట్టె మీదికి వంగేది, ఆ ఒక్కదాన్నే చూస్తూ ఉండిపోయేది, శ్రావణాన్ని కింద పెట్టేసేది.

నేనూ చూశాను ఆ ముసలిదాన్ని. ఒక కాలు ఈడుస్తోంది. మీసం ఒకటి సగానికి విరిగింది. అయినా పొద్దస్తమానం పనే. తన తల్లిని చంపినదాని పిల్లలు, తెల్లటి బియ్యపుగింజల్లాంటివి, తడి తగ్గిన చోటునుంచి తడి ఉన్న చోటికి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని మోస్తోంది. మోసి, నాకి, పక్కన పెట్టి, మళ్ళీ ఇంకోదానికోసం వెళ్తోంది. దాని ఒంటినిండా వాళ్ళ వాసనే. అదీ తనవాళ్ళే అనుకుంటోంది. ఆ పెట్టెలో అది పరాయిదని తెలిసింది పైనున్న మా ముగ్గురికే. అంత నిస్సహాయంగా నేను మా అమ్మ మంచం పక్కన కూడా కూర్చోలేదు.

ఉండబట్టలేక ఒక సాయంత్రం వరండాలో మాస్టారిని పట్టుకుని అడిగేశాను. “మీరైనా ఆ పని చెయ్యొచ్చు కదా. లేకపోతే ఆ పిల్లకి గట్టిగా చెప్పొచ్చు కదా. ఏమిటీ మౌనవ్రతం?”

ఆయన రెండు చేతులూ చాచి చూపించారు. వణుకుతున్నాయి. ఆ చేతులతో శ్రావణం పట్టి ఎన్నాళ్ళయిందో నేనెప్పుడూ గమనించలేదు. నాకు సిగ్గేసింది.

“ఎలా చెప్పను మేడమ్? చంపమని చెప్పాలి. నోరు రావడం లేదు” అన్నారు.

“పోనీ, ఒళ్ళు దొరక్కపోతే ఏమవుతుంది?”

“ఏమీ అవదు. గాలిమెట్ట మీద ఎప్పుడూ ఉన్నది పల్లపుచీమే అవుతుంది.”

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నీలవేణి పెట్టె మీద వంగి ఉంది. గాజుపలక తీసేసి ఉంది. ముసలిది కనిపించడం లేదు. పుట్ట మామూలుగానే ఉంది, దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఒకటి తగ్గినట్టే లేదు. పిల్లల్ని మోసే పని వేరేవి చేస్తున్నాయి.

చీమలు తమలో చచ్చినవాటిని ఇంట్లో ఉంచుకోవు. మూలకి ఈడ్చుకుపోయి చెత్తకుప్పలో వేస్తాయి. ఆకలి మీద ఉంటే ముక్కలు చేసి, పనికొచ్చేది నమిలి, డొల్ల పారేస్తాయి. పెట్టె మూలన ఆ కుప్ప ఉంది. గూళ్ళ తొక్కలు, ఈగ రెక్కలు, అంతకుముందు చచ్చిన చీమల తలకాయలు, కాళ్ళు, అన్నీ కలిసిపోయి నల్లగా ఇసకలా ఉంది.

ఆ పిల్ల తెల్ల కాగితం మీద ఆ కుప్ప పోసుకుని, రంగులు వేసే సన్నటి కుంచెతో ఒక్కొక్క రేణువూ విడదీసింది. పాఠాలకి గంట కొట్టారు, అయిపోయినట్టు కొట్టారు, మళ్ళీ కొట్టారు. తలలు దొరికాయి, తలలో తేడా లేదు. బొడిపెలు కొన్ని దొరికాయి. ప్రతిదాన్నీ ఆశగా ఎత్తి అద్దం కింద పెట్టింది. అన్నీ నున్నగానే ఉన్నాయి. గాడి ఉన్నవాటిని నమిలేశాయో, ఏ పగుల్లోకి తోసేశాయో, ఒక్కటీ దొరకలేదు. నీలవేణి కుంచె పడేసి రెండు చేతుల్లోనూ మొహం పెట్టుకుంది. “నిన్న సాయంత్రం ఉంది మాస్టారూ. నిన్న సాయంత్రం తియ్యొచ్చు. శ్రావణం దాని మీద దాకా పెట్టాను, పాపమనిపించింది” అని, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారి ఏడ్చేసింది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను.

మాస్టారు లేచి వచ్చారు. వణికే చేత్తో కుంచె తడి చేసుకుని, కాగితం మీది కుప్పలోంచి ఒక కాలిని అద్దుకున్నారు. కనురెప్ప వెంట్రుకలో సగం ఉంటుందేమో. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, దీపం వేసి, కుర్చీ ఆమె వైపు జరిపారు.

“చూడు. ఇది మనదా, వాళ్ళదా?”

ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. దీపం తిప్పి చూసింది. కాలిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. ఏళ్ళ తరబడి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసిన కళ్ళు అవి. లోకంలో ఇంకెవరికీ ఆ తేడా తెలియదు.

“తెలియడం లేదు మాస్టారూ” అంది చివరికి.

ఆయన వంగి, తను కూడా చూశారు. ఈసారి ఇంకోసారి చూడమనలేదు. దీపం ఆర్పారు. పెట్టె పక్కనున్న చిన్న సీసాకి మూత పెట్టి, బీరువా వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండా అన్నారు.

“పేరెందుకని అడిగావు కదమ్మా.”